అద్దం దగ్గర ఆగిపోయే వీడియో

చూసిందల్లా రికార్డు చేసే కంటిలెన్స్ అందరూ పెట్టుకోవడం మొదలయ్యాక, పోయినవాళ్లు చూసినవన్నీ కూర్చి సంవత్సరీకం నాడు పది నిమిషాల వీడియో వేయడం ఆనవాయితీ అయింది. రేపే నా భార్య వకుళ సంవత్సరీకం. పొద్దుటి నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడుతున్నాను. గోడమీద వేసి చూస్తుంటే, నాలుగో నిమిషం రాగానే బొమ్మ బిగుసుకుపోతోంది. ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టినా అంతే. నేనేం తప్పు చేస్తున్నానో అర్థం కాక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను.

"మనిషేనా అమ్మా మాట్లాడేది?"

"మనిషినే అంకుల్, రజియాని. ఇంకా టీ కూడా తాగలేదు. ఎక్కడ ఆగుతోంది?"

"మా ఆవిడ అద్దం ముందు బొట్టు పెట్టుకుంటోంది. అక్కడ."

"అదీ సంగతి! కన్ను తన్ను తాను చూసుకుంటే మా సాఫ్ట్‌వేర్ తికమకపడిపోద్ది. ఆ ముక్క తీసెయ్యండి."

తీసేస్తే సాఫీగానే ఆడింది. వంకాయలు తరుగుతున్న చేతులు, బస్సు కిటికీ, పేపరు చదువుతున్న నేను, చెప్పులు వెతుక్కుంటున్న నేను, మళ్లీ నేను. ఎంత చూసినా వకుళ లేదు.

"అమ్మా, ఆవిడ ఎప్పుడూ అద్దం చూడకుండానే బొట్టు పెట్టుకునేది. ఆ ఒక్కరోజే చూసింది. మొహం ఉన్నది అందులోనే."



"అయితే చివర్న పెట్టండి అంకుల్. అక్కడ ఆగితే ఏం పోయింది?"

అలాగే పెట్టాను. వకుళ బొట్టు దిద్దుకుంటూ గోడమీద ఆగిపోయింది. ఈసారి నేను మళ్లీ మొదలుపెట్టలేదు.