ఒడ్డుకు చేరిన పడవ

పడవ మునిగిన రోజు ఏటేటా ఆ పేట ఆడవాళ్లు సముద్రానికి ఎదురుగా నిలబడి అందులో పోయినవాళ్ల పేర్లు పలికే పడవ పాట పాడుకునేవారు. ఎవరి మగడి పేరు వస్తే ఆమె గుప్పెడన్నం నీళ్లలో వదిలేది.

ఇప్పుడు ఎవరూ పాడరు. ఇంటింటా ఉన్న పాటపెట్టె, వినేవాళ్ల మొహాలు చూసి, వాళ్లు తట్టుకోగలిగినట్టు పాట మార్చి పాడుతుంది. కొన్నేళ్లుగా ఒక్క పేరూ రావడం లేదు. దానమ్మ ఒక్కతే ఇంకా అన్నం పట్టుకొస్తోంది.

ఈసారీ, ఒడ్డుకు తెచ్చుకున్న పెట్టె పాటలో గాలివాన తగ్గింది, పడవ ఒడ్డుకొచ్చింది, అందరూ వలలు దులుపుకుని ఇళ్లకు వెళ్లారు.

"మీ అన్న పేరేదే?" అంది దానమ్మ, ఆడపడుచు నూకాలుతో.

"అన్న ఒచ్చీసినాడనుకుంటే మనసుకి ఆయి కదొదినా. ఊరుకో."

"దాన్ని కట్టీ. నాను పాడతాను."

నూకాలు పెట్టె కట్టేసింది. దానమ్మ రాగం అందుకుంది. గాలివాన దాకా పాట సాఫీగానే సాగింది. మగడు ఎల్లాజీ పేరు రావలసిన చోట ఆమె నోట పడవ ఒడ్డుకొచ్చేసింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ ఒడ్డుకే వచ్చింది.

దానమ్మ గుప్పిట విప్పలేదు. ఆ అన్నం ఇంటికి తెచ్చి, ఎల్లాజీ కంచంలో పెట్టి, మూత వేసింది.