ప్రశ్నల తాత

“ఈ టోపీ గీత మీద కూర్చుంటే ఒకటీ, గీత కింద వేలాడితే ఇంకోటీనా? తేడా ఏంటమ్మా?”

చివరి బెంచీ నుంచి ముసలాయన మళ్లీ అడిగాడు.

వర్క్‌షాపు క్యాంటీనంతా ఉసూరుమంది. బల్లలు పక్కకి నెట్టి, గోడకి నల్లబోర్డు ఆనించి, షిఫ్టు దిగినవాళ్లు సంగీతం చదవడం నేర్చుకుంటున్నారక్కడ.

టీచరమ్మ విసుక్కోలేదు. వేలాడే టోపీ అయితే నాలుగు తాళం దెబ్బలపాటు ఊదకుండా ఆగాలనీ, కూర్చున్న టోపీ అయితే రెండు దెబ్బలేననీ బోర్డు మీద గీసి మరీ చెప్పింది.

ముసలాయన పక్కనున్న వెల్డరు గబగబా రాసుకున్నాడు. అతనిదీ అదే సందేహం. అడగడానికే నోరు పెగల్లేదు.

వెల్డరుకి బూర అంటే ప్రాణం. విన్న పాటని విన్నట్టే దించేస్తాడు. వర్క్‌షాపు కార్మిక సంఘం బ్యాండులో ముందు వరస అతనిదే.

అయితే పోయిన ఊరేగింపులో తలో దారీ పట్టి పాటని చేపల సంత చేశారు. దాంతో సంఘమే తీర్మానించింది. కాగితం చూసి ఊదగలిగినవాడే బ్యాండులో ఉంటాడు. పరీక్ష తప్పినవాడు వాయిద్యాన్ని బీరువాలో పెట్టి ఇంటికి పోవాలి.

వెల్డరు ఆ రోజే ఈ క్లాసులో పేరు రాయించుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఎన్ని కిటికీ గ్రిల్లులు అతికించాడో అతనికే తెలియదు. స్వరాలు రాసే ఈ ఐదు గీతలూ అలాంటి గ్రిల్లులాగే కనిపించాయి. నల్లచుక్కలేమో గీకకుండా వదిలేసిన వెల్డింగు మరకల్లా ఉన్నాయి. గ్రిల్లులో ఊచలే లెక్క. ఇక్కడ ఊచకో స్వరం, సందుకో స్వరం. తోకున్న చుక్క పరుగెడుతుందట, బోలు చుక్క నిలబడుతుందట. ఊదితే వచ్చే పాట, చూస్తే పారిపోయేది.

దీనికి తోడు ఈ ముసలాయన. ఏ సెక్షనువాడో ఎవరికీ తెలియదు. మొదటి రోజే వచ్చి వెల్డరు పక్కన కూర్చున్నాడు. పాఠం నాలుగడుగులు నడిచేలోగా చెయ్యెత్తేవాడు. అందరూ ప్రశ్నల తాత అని పేరు పెట్టారు.

పోనీ బోర్డు వంక చూస్తాడా అంటే అదీ లేదు. వెల్డరు కాగితంలోకి తొంగిచూస్తాడు.

“కాపీ కొట్టడానికి నేనే దొరికానా తాతా?”

“నీ చుక్కలు గుండ్రంగా ఉంటాయి నాయనా.”

అని, మరుక్షణం చెయ్యెత్తేవాడు.

పరీక్ష దగ్గరపడింది. వెల్డరు బావమరిది అక్కడే టర్నరు, సంఘానికి కార్యదర్శి కూడా. ఈ తాత ఉంటే మనం ఈ జన్మలో గట్టెక్కం బావా అని గొణిగి, పాఠం మధ్యలో లేచి నిలబడ్డాడు. ఒక్కడి కోసం పదిమంది ఆగిపోవడం న్యాయం కాదన్నాడు. ఈయన్ని క్లాసు నుంచి తప్పించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు.

తెలియదని చెప్పడానికి సిగ్గుపడే చెయ్యి, పక్కవాణ్ని వెళ్లగొట్టడానికి మాత్రం ఠక్కున లేస్తుంది. అన్నీ లేచాయి. వెల్డరుది కాస్త ఆలస్యంగా లేచింది, కానీ లేచింది.

టీచరమ్మ ఏదో అనబోయింది. ముసలాయన ఆమె వంక చూసి వద్దన్నట్టు తల ఊపి, తన చెయ్యి కూడా ఎత్తాడు.

“ఏకగ్రీవం కానీండి నాయనా. సంఘం మాట సంఘం మాటే.”

గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. పిచ్చివాడా, పెద్దమనిషా? వెల్డరుకి ఏదీ తేలలేదు.

ఆ తర్వాత క్లాసు రైలుబండిలా పరుగెత్తింది. అర్థమైందా అని టీచరమ్మ అడిగేది. అయిందని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. ఏమైందో ఒక్కడికీ తెలియదు. వెల్డరు చాటుగా పక్కవాళ్ల మొహాలు చూసేవాడు. తన మొహమే అందరి మెడల మీదా ఉన్నట్టుండేది.

పరీక్ష రోజు సగం దాకా బాగానే ఊదాడు. ఒకచోట నిలువు గీతలు జంటగా కనిపించాయి. పక్కన ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు. గీతలు రెండంటే తలుపు మూసినట్టే కదా అనుకుని బూర దించేశాడు.

“అయిపోయిందా?” అంది టీచరమ్మ.

“అయిపోయిందమ్మా.”

“ఆ చుక్కలుంటే మళ్లీ మొదటి నుంచి ఊదాలి.”

మొదటికి వెళ్లాడు. ఏది సందో, ఏది ఊచో కలగాపులగమైపోయింది. టీచరమ్మ మెల్లగా కాగితం మూసింది.

వెల్డరు బూరని చొక్కా అంచుతో తుడిచి బీరువాలో పెట్టాడు. బావమరిది డోలు అప్పటికే అందులో ఉంది.

“ఈ గుర్తు చెప్పాను కదండీ. అర్థం కాకపోతే ఎందుకు అడగలేదు?” అంది టీచరమ్మ.

వెల్డరు తల దించుకున్నాడు. మాట దానంతటదే వచ్చేసింది.

“తాత ఉంటే అడిగేవాడు.”

“అడిగేవారు. మీరు కాగితం మీద ఎక్కడ తప్పు రాస్తే అక్కడే అడిగేవారు. ఎదిగిన మనుషులు తెలియదని చెప్పుకోరు, వాళ్ల తరఫున ఒకడు వెర్రివాడు కావాలి అని ఆయనే వచ్చి మీ మధ్య కూర్చున్నారు.”

వెల్డరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకీ రాదు కదమ్మా అన్నాడు. రేపే పిలిపించండి, మేమే వెళ్లి బతిమాలుకుంటాం అన్నాడు.

“ఇంకెక్కడండీ. ఇంకో ఊళ్లో, ఇంకో బ్యాండులో చివరి బెంచీ మీద ఉంటారు.”

టీచరమ్మ బోర్డు మీద మిగిలిన ఐదు గీతల్నీ చెరపబోయి ఆగింది.

“ఇవి నా చేత మొదట దిద్దించింది ఆయనే.”