ఇట్లు, బాధపడుతున్న ఒక తల్లి

కుసునోకి ఒక్క వేలితో టైపు చేసుకుంటూ పోయి, చివర్న "ఇట్లు, బాధపడుతున్న ఒక తల్లి" అని ముగించాడు. అరవై దాటిన బట్టతల మనిషి, ఒంటినిండా అచ్చు సిరా వాసన. పిల్లాజెల్లా లేరు. అయినా ఆ తల్లి ఆవేదన రాసేటప్పుడు నిజంగానే కళ్ళు తుడుచుకునేవాడు.

ఫిర్యాదు చిగుసా మీద. పెద్దలు మాత్రమే చదవాల్సిన బొమ్మల కథలు గీసే మనిషి. మనలో మన మాట, బూతు కథలే. ఆమె నాయిక నలభై దాటిన స్నానశాల యజమానురాలు, నాయకుడు లారీ డ్రైవరు. చట్టం నల్లపట్టీ వెయ్యమన్న చోటల్లా వేసేది, ఒక్కటీ ఎగ్గొట్టేది కాదు.

ఒకప్పుడు ఇలాంటి వాళ్ళంతా కుసునోకి ప్రెస్సులో పుస్తకాలు అచ్చు వేయించుకుని, పుస్తకాల సంతలో బల్ల వేసుకుని అమ్ముకునేవాళ్ళు. ఇప్పుడు ఇంటర్నెట్ సైటుకెక్కించేసి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నారు. ఒసాకాలో ఆ వీధి ప్రెస్సులన్నీ మూతపడి ఇదొక్కటే మిగిలింది. తండ్రి కొన్న మిషను చుట్టూ పాత ఇనుము కొనేవాడు తిరిగి తిరిగి చూసిపోతుంటే, కుసునోకి దానిమీద గుడ్డ కప్పేసేవాడు.

అలాంటప్పుడు క్రెడిట్ కార్డు కంపెనీలు దేవుళ్ళలా ఆదుకున్నాయి. సముద్రం అవతల కూర్చున్న ఆ పెద్దమనుషులకు ఈ బొమ్మలంటే కంపరం. వాళ్ళకు కోపమొస్తే సైటు మొత్తానికి డబ్బు రావడం ఆగిపోతుంది. అందుకని ఎవరైనా ఒక్క ముక్క రాసి పడేస్తే చాలు, సైటువాళ్ళు బొమ్మా చూడరు, కథా చదవరు, పుస్తకాన్ని పీకి అవతల పారేస్తారు. ఈ సంగతి తెలిసిన రోజే కుసునోకి తల్లి అయ్యాడు.

సంత కోసమని చిగుసా ఓ గుప్పెడు కాపీలు మాత్రం ఆయన దగ్గరే వేయించేది. ఆ ప్రూఫులు ముందేసుకుని, ఏ పేజీ చూసి తల్లి కుమిలిపోవాలో ఆయన తీరిగ్గా ఎంచుకునేవాడు. ఫిర్యాదు వెళ్ళేది, సైటులో పుస్తకం ఊడేది, ఆమె ఆర్డరు పెంచడానికి ప్రెస్సుకు పరిగెత్తుకొచ్చేది. సంతలో అందరూ చిల్లర చేతిలో పెట్టి పుస్తకం పట్టుకుపోతారు, కార్డుతో పనేముంది?

"మళ్ళీ పీకేశారా అమ్మా?" అని కుసునోకి నొచ్చుకునేవాడు. ఆ కంపెనీలను నోటికొచ్చినట్టు తిట్టి, ఆమెకు టీ పోసి ఇచ్చి, అప్పుడు మిషను ఆన్ చేసేవాడు.

ఈసారీ అంతే జరిగింది. సంత రోజున పుస్తకాలు ఆయనే బండిలో తెచ్చి వెనక గుమ్మం దగ్గర దింపాడు. తొంగిచూస్తే, చిగుసా బల్ల కోసం నిలబడ్డ జనం హాలు దాటి రోడ్డు దాకా ఉన్నారు. మధ్యాహ్నానికి ఒక్క కాపీ మిగల్లేదు. తన కాగితం, తన బైండింగు అలాంటివని ఆయన లోలోపల తెగ మురిసిపోయాడు.

మర్నాడు చిగుసా కాస్టెల్లా కేకు పెట్టెతో వచ్చి, నడుం వంచి దణ్ణం పెట్టింది. "మీరే లేకపోతే నా పుస్తకాలు ఏమైపోయేవో బాబాయ్" అంది.

ఆ మాట వెళ్ళి సూటిగా గుండెల్లో గుచ్చుకుంది. కొరికిన కేకు ముక్క పక్కన పెట్టేశాడు. ఇంతగా నమ్మిన మనిషి నోటి దగ్గర కూడు లాగేసి, మళ్ళీ ఆ చేతి కేకే తింటున్నానే అని కుసునోకి తనను తానే ఛీకొట్టుకున్నాడు. మిషను పోతే పోయింది, ఇక జన్మలో రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు ఒట్టే. చిగుసా తర్వాతి పుస్తకం సైటుకెక్కి వారం దాటినా తల్లి నోరు మెదపలేదు. అక్కడ దర్జాగా అమ్ముడుపోతోంది, ఇక్కడ మిషను చల్లబడిపోయింది. పాత ఇనుము కొనేవాడికి కబురు పెడదామా అని కుసునోకి ఆలోచిస్తుండగా చిగుసా వచ్చింది. మొహం దిగాలుగా ఉంది. తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

తన మీద ఎవరో తల్లి ఫిర్యాదులు రాస్తోందనీ, సైటువాళ్ళు అవన్నీ తనకు పంపుతారనీ మెల్లగా మొదలుపెట్టింది. పోయినసారి ఇరవై ఏడో పేజీ చూశాక ఆ తల్లికి అన్నం సహించలేదట.

"సైటులో ఇరవై ఏడో పేజీలో ఏముందో తెలుసా బాబాయ్? వాళ్ళిద్దరూ బుద్ధిగా కూర్చుని ఊదోన్ నూడుల్స్ తింటున్నారు. అసలు భాగోతం ఇరవై అయిదులో ఉంది."

కుసునోకి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అట్టను కూడా రెండు పేజీల కింద కలిపి లెక్కేసేది మీ ప్రెస్సువాళ్ళే కదా" అంది చిగుసా.

ప్రూఫులో ఇరవై ఏడంటే సైటులో ఇరవై అయిదు. నలభై ఏళ్ళ అలవాటు తల్లి వేషంలోనూ వదల్లేదు మరి. అమాంతం సిరా మరకల నేల మీద మోకరిల్లి, నుదురు నేలకు ఆనించాడు. పోలీసులకు పట్టించినా సరేనన్నాడు. మిషను అమ్మి నష్టం కట్టేస్తానన్నాడు. ఈ పుస్తకం మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు, అమ్మతోడు అన్నాడు.

"రాయలేదని నాకూ తెలుసు" అంటూ చిగుసా ఆయన్ని భుజాలు పట్టి లేపి, సిరా అంటిన నుదురు తన రుమాలుతో తుడిచింది. "ఎందుకో కనుక్కుందామనే వచ్చాను. 'కార్డు కంపెనీలు తరిమేసిన పుస్తకం' అని ఎప్పట్లాగే బల్ల మీద పెట్టే బోర్డు కూడా రాయించేశాను, మీరేమో ఫిర్యాదు ఇంకా పంపలేదు. ఒంట్లో బాగాలేదా బాబాయ్?"