తిత్తిలో నీళ్ళు

“ముట్టుకోకు సామ్రాజ్యం! ఎవరివో ఏమో!”

భర్త ప్రేమచంద్ వారిస్తూనే ఉన్నాడు. సామ్రాజ్యం అప్పటికే జమ్మికొమ్మకు వేలాడుతున్న తోలుతిత్తి మూతి విప్పేసింది.

“దారిన పోయేవాళ్ళ కోసమేనండీ ఇలా కట్టి ఉంచుతారు. మా ఆసుపత్రి వార్డుకొచ్చే అరబ్బు ఆడవాళ్ళే చెప్పారు. మనం దారిన పోయేవాళ్ళం కామా?”

“దాహమేస్తే సరే. మన ఫ్లాస్కు నిండుగానే ఉందిగా?”

“అవి తాగడానికి. కారు చూడండి, పిండిమరలోంచి వచ్చినట్టుంది. మా తోడికోడలు ఆదెమ్మకు ఈ ఫొటో పంపాలా వద్దా?”

నిజ్వా ఊరు చూసొద్దామని, ఆ అరబ్బు దేశంలో తాముండే రూవి నుంచి పొద్దున్నే బయలుదేరారు. దారి పొడవునా గడ్డిపరక మొలవని కొండలు. ఒకటి ఇటుక రంగు, దాని వెనకది వంకాయ రంగు. వాటి ముందు కొత్త తెల్ల డాట్సన్‌ను నిలబెట్టి ఫొటో దిగాలని ఆమె ముచ్చట.

చెట్టు కిందే కారు కడిగింది. మిగిలిన నీళ్ళతో ముఖమూ, కాళ్ళూ కడుక్కుంది. వట్టిపోయిన తిత్తికి మళ్ళీ పద్ధతిగా మూతి కట్టింది. ప్రేమచంద్ కారును ఎండలోకి తెచ్చేసరికే దాని తడి ఆరిపోయింది. సామ్రాజ్యం బానెట్ మీద చెయ్యేసి, పమిట సర్దుకుని నవ్వింది.

“ఎవరో వస్తున్నారే,” అన్నాడతను కెమెరా దించి.

మేకలను తోలుకుంటూ ఒక ముసలమ్మ. ముక్కునీ నుదుటినీ కప్పుతూ నల్లటి ముసుగు. సలాం చెప్పింది. ఇంకో మాట లేకుండా ఒక మేకను పట్టుకుని, గిన్నెలోకి పాలు పిండి, సామ్రాజ్యం చేతికిచ్చింది.

ఒక గుటక దిగిందో లేదో, ముసలమ్మ చెట్టు దగ్గరికి వెళ్ళింది. తిత్తిని నొక్కి చూసింది. వంగి నేల తడిమింది. వేళ్ళకు బురద అంటుకుంది.

“అయిపోయాం. తిట్టకముందే తప్పయిందని చెప్పు. నీకు అరబ్బీ వచ్చుగా,” అని గొణిగాడు ప్రేమచంద్.

వచ్చు. డ్యూటీలో రోజంతా మాట్లాడేదే. కానీ కడుక్కున్న పాదాలను కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. పాలగిన్నె ఎక్కడ దించాలో తెలియలేదు.

ముసలమ్మ దూరంగా ఒక కొండను చూపించి ఏదో అంది. తర్వాత తిత్తిని ఒళ్ళో వేసుకుని, కుట్టు వెంబడే బొటనవేలితో మెల్లగా వెతుకుతూ మళ్ళీ మాట్లాడింది.

“ఏమంటోందే?”

“బావి ఆ కొండ అవతలట. తెల్లారే వెళ్ళి మోసుకొచ్చిందట.”

“ఇంకా?”

సామ్రాజ్యం తల ఎత్తలేదు.

“‘కళ్ళు ఆనక కుట్టు సరిగ్గా వెయ్యలేకపోయాను బిడ్డా, నీళ్ళన్నీ కారిపోయాయి. దాహంతో వచ్చిన మీకు చుక్క మిగల్చలేదు, నన్ను క్షమించు’ అంటోందండీ.”