విని చెప్పండి చూద్దాం

"కాగితం మీద పొడుపుకథలు ఇక చాలించండి. ఈవేళ చెవికి పరీక్ష!" అంటూ ప్లీడరు గారు పేరు రాయని క్యాసెట్టు ఒకటి బల్ల మీద పెట్టేసరికి లెక్కల మాస్టారి గుండెల్లో రాయి పడింది.

అప్పటిదాకా ఆయనదే రాజ్యం. "ముందు పక్షి, వెనక చప్పుడు. ఏ రాగం?" అని కాంపౌండరు చీటీ రాసి చూపిస్తే, సిరా ఆరకముందే "హంసధ్వని" అనేశారు. చీటీలో రాగాన్ని పట్టడానికి బుర్ర చాలు. పాడే రాగానికి చెవులు కావాలి. అవి ఆరు నెలలుగా మాస్టారి మాట వినడం లేదు. మనుషుల మాటలైతే పెదాలు చూసి ఎలాగో నెట్టుకొస్తున్నారు. పాట మాత్రం పూర్తిగా పోయింది.

ఆ సంగతి ఈ గదిలో తెలిసిందా, అంతే సంగతులు. కిందటేడు దర్జీకి వినికిడి తగ్గిందని తెలిసి, "చెవిటివాడికి మన మధ్య పనేమిటండీ!" అని సాగనంపింది ఈ ప్లీడరు గారే. పక్కనుంచి తలూపింది ఈ మాస్టారే. ఆదివారం సాయంత్రం ఈ కుర్చీ లేకపోతే ఆయనకి వారమంతా సోమవారమే.

"వారం కిందట పాత సామాన్లలో దొరికింది. రోజూ పొద్దున్నే వింటున్నా, ఏం గాత్రమండీ! రాగం మీద నాకో అనుమానం ఉంది. ముందు మీరు తేల్చండి" అని ప్లీడరు గారు టేపు డెక్కు మీట నొక్కారు.

చక్రాలు తిరిగాయి. మాస్టారికి అవి తిరగడం కనిపించిందే గానీ ఈగ వాలిన చప్పుడైనా వినిపించలేదు. దొంగచూపులు చూశారు. కాంపౌండరు కళ్లు మూసుకుని మెల్లగా తలూపుతున్నాడు. కాసేపటికి జేబురుమాలు తీసి కళ్లు కూడా ఒత్తుకున్నాడు. ప్లీడరు గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిట్టూర్చారు. మాస్టారు లెక్క కట్టారు. ఇద్దరికి ఇంత దుఃఖమంటే అది ఏడుపు రాగమే అయ్యుండాలి.

"ముఖారి!" అని తేల్చేశారు.

"నా నోట్లో మాట లాగేశారు!" అన్నాడు కాంపౌండరు.

"భేష్! నా అనుమానమూ అదే" అన్నారు ప్లీడరు గారు.

బతుకుజీవుడా అనుకున్నారు మాస్టారు. పాపం, ఆ దర్జీకి ఈపాటి ఉపాయం తోచలేదు.

"వయొలిన్ మధ్యలో కాస్త తడబడింది కదూ?" అన్నాడు కాంపౌండరు.

"వయొలిన్ సంగతి సరే, మృదంగం అసలు గొంతునే మింగేస్తోంది" అన్నారు మాస్టారు. ధైర్యం వచ్చాక నోరు ఊరుకోలేదు.

"ఆహా! చెవులంటే మీవండీ!" అన్నారు ప్లీడరు గారు.

అంతలో ఆయన కోడలు చెరో చేత్తో ఒక్కో నల్లపెట్టె మోసుకుంటూ వచ్చి, టేపు డెక్కు పక్కన దించింది. ముగ్గురికీ ఎదురుగా నిలబడి, అలవాటు చొప్పున గట్టిగా చెప్పింది.

"పది రోజులు తిప్పించుకుని ఇవాళ ఇచ్చాడు మామయ్యా, రిపేరువాడు. ఉండండి, ఈ స్పీకర్లు తగిలించేస్తాను. ఇక మీ పోటీ మొదలుపెట్టుకోవచ్చు."