ఒక్క బీప్

డబ్బాలో ఫ్యాను తిరుగుతోంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

మెకానిక్ స్విచ్ ఆపి, కంప్యూటర్ డబ్బాని పక్కకి వాల్చాడు. ర్యామ్ ముక్క పీకి, దాని పసుపు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా మళ్లీ నొక్కాడు. పక్కన భార్య ఊపిరి బిగబట్టి కూర్చుంది.

స్విచ్ వేశాడు. డబ్బా ఒక్కసారి చిన్నగా బీప్‌మంది.

"డిస్‌ప్లే వచ్చిందా?"

ఆమె తెరకేసి చూసింది. "రాలేదండీ. ఇదేదో మొండిఘటంలా ఉంది."

"దీనికన్నా మొండివాణ్ణి నేను." మళ్లీ విప్పాడు, మళ్లీ రుద్దాడు. మళ్లీ ఒక్క బీప్.

"ఇప్పుడో?"

"ఊహూ. బోర్డే పోయినట్టుంది. ఇక వదిలెయ్యండి."

తెల్లటి వెలుగు ఆమె తడిసిన చెంపల మీద పడుతోంది. తెర మొదటిసారే వెలిగింది. ఆపరేషన్ చేసిన అతని కళ్లకి ఆ పొద్దున్నే కట్టు విప్పారు. ఇంటికి రాగానే ఈ డబ్బాని ముందేసుకుని, తెరకేసి రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు.

ఒక్క బీప్ వచ్చిందంటే డబ్బాలో అంతా బాగున్నట్టే. పెళ్లయిన కొత్తలో ఆమెకా సంగతి నేర్పింది అతనే.

"అవునే, బోర్డే పోయింది," అంటూ స్క్రూల కోసం బల్లంతా తడమసాగాడు.