అమ్మ కూర్చునే కుర్చీ

“చప్పుడు చేస్తోందని అమ్మ కూర్చోనంది,” అన్నాడు కఫీల్ - వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని - ఊగే కుర్చీని మళ్ళీ పెరట్లో దింపించి.

వడ్రంగి లింబాద్రి వంగి కింది వంపు చెక్కల మీద అరచెయ్యి నడిపాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. అయినా ఉప్పుకాగితం అందుకున్నాడు. మొదట ఎత్తు ఎక్కువైందన్నారు, కోశాడు. తర్వాత వీపు వంపు బాగాలేదన్నారు, మార్చాడు. మామీర్‌లోని తన వర్క్‌షాపు నుంచి బుసైతీన్‌లోని ఈ ఇంటికి కఫీల్ అతన్ని తెచ్చినప్పుడు చలికాలం. ఇప్పుడు పెరటి రేకు కింద నిలబడితే మాడు కాలుతోంది.

“అమ్మ ఇందులో కూర్చున్న రోజే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా,” అని కఫీల్ మాటిచ్చాడు. ఊళ్ళో భార్య నాగవ్వకు కడుపులో గడ్డ. నువ్వొస్తేనే ఆపరేషన్ బల్ల ఎక్కుతానని మొండికేసింది. ఆలస్యమైతే చేసేదేమీ ఉండదన్నాడు డాక్టరు.

మనిషిని చూడకుండా కుర్చీ ఎట్లా చేస్తావని కూలీల క్యాంపులో గది పంచుకునే భూమేష్ ఎగతాళి చేశాడు. కొలతకని కఫీల్ ఇచ్చింది ఒక పాత బుర్ఖా, అరిగిన చెప్పుల జత. లింబాద్రికి అదేమీ వింతగా తోచలేదు.

“మా నాయిన గడీల దొరసానికి మంచం చేసిండు. ఆమె మొకం ఎన్నడన్న చూసిండా? చీర కొలతతోనే చేసిండు. పెద్దింటి ఆడోళ్ళు గంతే.”

అందుకే మూలగది వైపు తలెత్తి కూడా చూసేవాడు కాదు. ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. సాయంత్రాలు కఫీల్ లోపలికి వెళ్ళి తల్లితో మెల్లగా మాట్లాడుతుంటే వినబడేది. పనిమనిషి వీరవేణి కోనసీమ మనిషి. పరాయివాళ్ళతో మాట్లాడొద్దని ఆమెకు గట్టి హెచ్చరిక. తలదించుకుని రెండు కప్పుల కాఫీ లోపలికి పట్టుకెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు ఒక కప్పు నిండుగానే ఉండేది. ముసలామెకు ఆకలి చచ్చిపోయినట్టుందని లింబాద్రి జాలిపడేవాడు.

ఈసారి కుర్చీని ఊపి చూశాడు. ఊపిరి తీసినంత చప్పుడు కూడా లేదు. కఫీల్ దాన్ని మూలగది గుమ్మం దాకా మోయించి, తానే లోపలికి లాక్కెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“రంగు నచ్చలేదంటోంది.”

కొడుకును బతిమాలి లాభం లేదనుకున్నాడు లింబాద్రి. ఆ తల్లినే అడగాలి. కఫీల్ కారు గేటు దాటగానే వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

“చెల్లె, లోపలికి పోయి అమ్మకు జెర చెప్పు. నా ఇంటిది పానం మీద ఉన్నది. రంగు ఎట్లున్నా ఒక్కసారి అండ్ల కూసోమను.”

వీరవేణి చేతిలోని నిండు కప్పును సింకులో ఒంపేసింది.

“ఆవిడ చనిపోయి నాలుగేళ్ళయింది, అన్నయ్యా.”